ఎందుకు ఆలస్యమని అడగని బడి

ఆ బడికి గంట లేదు. టైర్ల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కితే ఒక పొడవాటి గది, దాని వెనక ఇంకో చిన్న గది. పొడవాటి గదిలో బడి, చిన్న గదిలో ఆ బడి టీచరు కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక పొయ్యి, కిటికీ కమ్మీకి వేలాడగట్టిన అద్దం. కింది నుంచి రబ్బరు వాసన, పై నుంచి సుద్దముక్కల వాసన వచ్చి మెట్ల మలుపులో కలుసుకునేవి. ఆ మలుపులోనే ఇంకో తలుపుంది. దాని వెనక గదిలో ఆ ఏడు నేను అద్దెకుండేవాణ్ణి.

కాగితాల మీద ఆ బడికి పెద్ద పేరే ఉంది. ప్రత్యామ్నాయ విద్యాకేంద్రం అని మొదలై బోర్డు చివరిదాకా సాగుతుంది. ఊళ్ళో మాత్రం తప్పినోళ్ళ బడి అనేవారు. పరీక్ష తప్పినవాళ్ళు, వేరే బళ్ళలో పేరు కొట్టేస్తే వచ్చినవాళ్ళు, పనిలో పడి చదువు వదిలేసి మళ్ళీ ఎందుకో మనసు మళ్ళినవాళ్ళు, అందరూ అక్కడికే. టీచరుకి కూడా పిల్లలు పేరు పెట్టారు, మళ్ళీ టీచరని. లెక్క తప్పుగా చేస్తే "మళ్ళీ చూద్దాం" అనేది. ఓ రెండు నెలలు కనిపించకుండా పోయిన కుర్రాడు మెట్ల మీద తచ్చాడుతుంటే "మళ్ళీ వచ్చావుగా, కూర్చో" అనేది. అంతకుమించి ఒక్క మాట అడిగేది కాదు.

అడగకపోవడం ఆ బడి పద్ధతి. ఎందుకు ఆలస్యమైంది, నిన్నెందుకు రాలేదు అనే రెండు ప్రశ్నలు అక్కడ టీచరు పిల్లల్ని అడగదు, పిల్లలు ఒకళ్ళనొకళ్ళు అడగరు. వచ్చినవాళ్ళు వచ్చిన వేళ నుంచి చదువుకుంటారు. మూసే ముందు వచ్చినా వచ్చినట్టే. ఈ పద్ధతి ఎందుకు పెట్టారని ఒకసారి ఆవిణ్ణే అడిగాను.

"మీరు అడిగేశారుగా," అని నవ్వింది. "పెద్ద బడిలో చాలా ఏళ్ళు చేశానండీ. పిల్లలు చదువు రాక మానేస్తారనుకునేదాన్ని. కాదు, గేటు దగ్గర మానేస్తారు. ఎందుకాలస్యమని అడిగితే మొదటిసారి ఓ అబద్ధం చెప్తారు. రెండోసారి ఇంకోటి. మూడోసారికి అబద్ధం దొరకదు. ఇంక రారు."

"నిజం చెప్పొచ్చుగా?"

"నాన్న తాగొచ్చి బయట గొళ్ళెం పెట్టేసి పోయాడని అంతమంది ముందు ఎవరు చెప్తారు? మీరైతే చెప్తారా?"

గొప్ప గొప్ప విద్యాలయాల గురించి దేశదేశాల వాళ్ళు రాసిన వర్ణనలు చాలా చదివాను. అక్కడి గురువుల గురించి రాశారు, గ్రంథాల గురించి రాశారు, స్తంభాల ఎత్తు గురించి కూడా రాశారు. గేటు గురించి రాసినవాడు లేడు. గేటు బయట నిలబడిపోయినవాడు పుస్తకం రాసేదాకా రాలేదేమో.

ఆవిడకి పిల్లల్లేరు. భర్త పోయి చాలాకాలమైంది. ఉన్నది ఒక్క అక్క, వేరే ఊళ్ళో. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. మా గోడలు పలచనివి, పైగా అక్కగారి గొంతు ఫోనుతో పని లేకుండానే వినపడేలా ఉండేది.

"పట్టుమని పదిమంది కూర్చోని బడికి నువ్వు ప్రిన్సిపాలువా, వాచ్‌మన్‌వా?"

"రెండూనే అక్కా. జీతం ఒకటే."

"నీ జోకులకేం గానీ, సెలవులకైనా వచ్చి నాలుగు రోజులుండవే. గది ఖాళీగా పడుంది."

"చూస్తాలే."

ఆ 'చూస్తాలే' తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆదివారాలు ఆ పొడవాటి గదిలో బల్లలు మాత్రమే ఉండేవి. ఆవిడ ఊరికే వాటిని అటు జరిపి ఇటు జరిపేది.

పిల్లల్లో నాకు బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకడు లాయరు. ప్రతిదానికీ వాదించి మూడు బళ్ళు దాటి వచ్చాడు. రెండోది ఇస్త్రీ పిల్ల. వీధి చివర లాండ్రీ ఆ పిల్ల మేనత్తది. తల్లీ తండ్రీ లేకపోతే అత్తే పెంచింది. ప్రొద్దున్నే బట్టలు ఇస్త్రీ చేసి, హోటళ్ళ దుప్పట్లు మడతపెట్టి, ఆ పని అయినప్పుడు బడికి వచ్చేది. అది పదకొండుకి కావచ్చు, మధ్యాహ్నం దాటాక కావచ్చు. వచ్చి చివరి బల్ల దగ్గర కూర్చునేది. దగ్గరికెళ్తే ఆవిరి పట్టిన బట్టల వాసన. లెక్కలు వేస్తుంటే చూడాలి, పెన్సిలు ఆగేది కాదు. పెద్ద బడి గేటు దగ్గర ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ గేటు మళ్ళీ దాటనని మాత్రం టీచరుతో చెప్పింది. అంటే ఈ మెట్లు ఉంటేనే ఆ పిల్లకి చదువు. ఆ ఏడు సెలవులయ్యాక ఫైనల్ పరీక్ష రాయాలి.

అలాంటి ఏడాదిలోనే విద్యాశాఖ అధికారి వస్తున్నట్టు కబురొచ్చింది. బడి చూసి, ఉంచాలో పెద్ద బడిలో కలిపేయాలో తేలుస్తారట. టీచరు దాచలేదు, పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వాళ్ళు ఏమీ అనలేదు. లాయరు కూడా నోరు మెదపలేదు. అదే ఆవిడకి అనుమానం రావలసిన సంగతి.

అధికారి వచ్చే రోజు ప్రొద్దున ఆవిడ తల తుడుచుకుంటూ చిన్నగది తలుపు తీసేసరికి పొడవాటి గది నిండా పిల్లలున్నారు. ఇంకా టైర్ల కొట్టు కూడా తెరవలేదు. అందరూ తలలు దువ్వుకుని, వరసల్లో, చేతులు బల్లల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క చొక్కాకి ముడత లేదు. అందరి చొక్కాలూ ముందురోజు సాయంత్రమే పోగుచేసి ఇస్త్రీ పిల్ల చేసిపెట్టింది. ఆ పొద్దుటి పని మానేసి మొదటి వరసలో కూర్చుంది. అత్తకి ఏం చెప్పి వచ్చిందో తెలియదు. అడగకూడదు కదా.

చప్పుడు విని పైకి వెళ్ళిన నన్ను టీచరు పక్కకి పిలిచింది. "ఇదేంటండీ, పిల్లలు ఇలా చేశారు?"

"బాగానే ఉన్నారుగా."

"అదేనండీ భయం," అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆవిడకైనా, అంత ముచ్చటగా కూర్చున్న పిల్లల్ని లేవండని చెప్పడానికి నోరు రాలేదు.

అధికారి మంచివాడే. నడివయసు, చేతిలో గొడుగు, మెట్లెక్కి కాస్త ఆయాసపడుతూ వచ్చాడు. ఏ ప్రశ్న వేసినా వరసలో చేతులు లేచాయి. లాయరుని పద్యం చదవమంటే వాదించకుండా చదివాడు. అధికారి మొహం వికసించింది. "మీ గురించి ఏదో విన్నాను. వీళ్ళకేం తక్కువమ్మా, చక్కటి పిల్లలు," అని టీచరుతో చెప్పి వెళ్ళాడు. గొడుగు మలుపు తిరగ్గానే పిల్లలు బల్లలు చరిచారు. గెలిచేశామన్నారు. టీచరు నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. బస్సు వెళ్ళిపోయాక, వెళ్ళిపోయిందని తెలిసీ స్టాపులో నిలబడ్డవాళ్ళు అలా నవ్వుతారు.

కొన్నాళ్ళకి ఉత్తర్వు వచ్చింది. పిల్లలు క్రమశిక్షణతో, వేళకి హాజరవుతూ, చదువులో చురుగ్గా ఉన్నారు కాబట్టి వాళ్ళకి వేరే ఏర్పాటు అనవసరం. ఈ టర్ము అయ్యాక అందరినీ పెద్ద బడిలో కలిపేస్తారు. టీచరు పైకి చదివింది. లాయరు లేచాడు.

"మేడమ్, బాగోలేకపోతే మూసేస్తామంటారు. బాగుంటే కూడా మూసేస్తామంటారు. మరి మేం ఎలా ఉండాలి?"

"కూర్చో, నాన్నా."

"వాదించట్లేదు మేడమ్. తెలీక అడుగుతున్నా."

ఇస్త్రీ పిల్ల మొదటి వరస నుంచి లేచి, తన పాత చోటికి, చివరి బల్లకి వెళ్ళి కూర్చుంది.

మర్నాడు టీచరు అధికారి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ జరిగింది తర్వాత ఆవిడే చెప్పింది. పిల్లలు ఆ రోజు వేషం వేశారని చెబితే ఆయన నమ్మలేదు. మామూలుగా ఎలా వస్తారో, ఎందుకలా వస్తారో ఒక్కొక్కరి సంగతీ రాసివ్వండి, ఆలోచిస్తానన్నాడు. న్యాయమైన మాటే. ఆవిడ దగ్గర రాయడానికి ఏమీ లేదు. ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగలేదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పినవి ఉన్నాయి గానీ, అవి ఆవిడ సొంతం కావు.

"అయితే మళ్ళీ రండి. చెప్పకుండా రండి," అందట.

"చెప్పి రమ్మని బతిమాలేవాళ్ళని చూశాను గానీ, చెప్పకుండా రమ్మన్నది మీరే తల్లీ," అన్నాడట.

ముసురు పట్టిన ఒక రోజు వచ్చాడు. వెనక వైపు ఒక బల్ల దగ్గర నేను పేపరు చదువుకుంటున్నాను. అలా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు అక్కడ. గదిలో లాయరు ఒక్కడే ఉన్నాడు, అదీ బల్ల మీద తల పెట్టి నిద్రపోతూ. అధికారి గొడుగు దులిపి నలువైపులా చూశాడు.

"ఏరీ పిల్లలు?"

"వస్తారండీ."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. నిద్రపోయేవాణ్ణి లేపరా అన్నట్టు చూశాడు. టీచరు లేపలేదు. కాసేపటికి తనే లేచిన లాయరు ఆయన్ని చూసి గతుక్కుమన్నాడు. "ఇవాళ మీరు రాలేదనుకోవచ్చా సార్?" అన్నాడు. అధికారి నవ్వేశాడు. ఒక్కొక్కళ్ళే రావడం మొదలైంది. ఒకడు తడిసి ముద్దై వచ్చాడు. ఒకతె చెల్లెల్ని చంకనెత్తుకుని వచ్చి, దాన్ని బల్ల కింద పడుకోబెట్టి, పుస్తకం తీసింది. వచ్చినవాళ్ళకి వచ్చిన చోటి నుంచే టీచరు చెప్పింది. ఒకే లెక్కని నాలుగుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టింది. అధికారి జేబులో పెన్ను జేబులోనే ఉంది. ఆయన చూస్తున్న తీరు చూసి, పడవ ఒడ్డు చేరింది అనుకున్నాను.

మధ్యాహ్నం దాటుతుండగా ఇస్త్రీ పిల్ల వచ్చింది. వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది, కాలినట్టుంది. ఆయన పక్కనుంచే వెళ్ళాలి తన బల్లకి. ఆ వేలు చూశాడో, మొదటి వరసలో కూర్చున్న పిల్లని గుర్తుపట్టాడో, మేనమామ అడిగినంత మెత్తగా అడిగాడు.

"ఏమ్మా, ఇంత ఆలస్యమైందేం?"

గదిలో పెన్సిళ్ళు ఆగిపోయాయి. ఆ పిల్ల ఆయన్ని చూసింది, టీచరుని చూసింది. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. దీపం తగ్గించినట్టు ఏదో తగ్గిపోయింది.

"పొరపాటున వచ్చానండీ," అంది. సంచి బల్ల మీద పెట్టనే లేదు కాబట్టి తీసుకోవలసిన పని కూడా లేకపోయింది. మెట్లు దిగిపోయింది.

"నేనేమన్నాను?" అన్నాడు అధికారి, అందరి మొహాలూ చూస్తూ. "మామూలుగానే కదా అడిగాను."

"అవునండీ," అంది టీచరు. "అందరూ మామూలుగానే అడుగుతారు."

"వెనక్కి పిలవండి."

"పిలిస్తే ఎందుకు వెళ్ళావని అడిగినట్టే కదండీ."

ఆయన సాయంత్రం దాకా కదల్లేదు. పిల్లలంతా వెళ్ళాక గొడుగు తీసుకుని దిగిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. దయగా అడిగిన ప్రశ్న కూడా గొళ్ళెంలా పడుతుందని ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పి ఉండరు. ఆయన నడిచివచ్చిన దారిలో అన్ని గేట్లూ వేళకే తెరుచుకుని ఉంటాయి.

పాత ఉత్తర్వు రద్దయింది. బడి ఉంచుతున్నారు. ఎన్నాళ్ళు అనే చోట తదుపరి ఉత్తర్వుల వరకు అని రాశారు, ప్రభుత్వాల భాషలో అంతకంటే తియ్యటి మాట నేను చూడలేదు. పిల్లలు ఈసారి బల్లలు చరచలేదు. చివరి బల్ల ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ రోజులు నేను చూశాను. టీచరు పాఠం చెప్పేది, నవ్వేది, లాయరుతో వాదించేది. మెట్ల మీద ఏ అడుగు వినపడ్డా ఒక్క క్షణం మాట ఆగేది. వచ్చింది ఎవరో చూసి మళ్ళీ అందుకునేది. బడి అయిపోయాక తలుపు వెయ్యకుండా కూర్చునేది. నేను వెళ్ళి కనుక్కొస్తానన్నాను.

"వద్దండీ. ఎందుకు రావట్లేదని అడగకుండా ఎలా కనుక్కుంటారు?"

"మరెలా? పరీక్ష దగ్గరపడుతోంది."

"తెలుసండీ," అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. తాను కట్టిన గదికి తలుపు పెట్టడం మర్చిపోయిన మేస్త్రీలా ఉంది ఆవిడ.

ఆదివారం అక్కగారి ఫోన్ వచ్చింది. "బడి నిలబడిందిగా, ఇంకేంటే ఆ నీరసం?"

"ఒక పిల్ల రావట్లేదక్కా."

"ఒక్కతేనా? మిగతావాళ్ళు వస్తున్నారుగా."

"వస్తున్నారు."

"మరి?"

టీచరు ఫోన్ పెట్టేసింది. వచ్చి నా తలుపు కొట్టింది. చేతిలో మూట. దుప్పట్లు ఇస్త్రీకి వెయ్యాలి, మూట బరువుగా ఉంది, కాస్త తోడు రమ్మంది. మూటలో రెండే దుప్పట్లున్నాయని ఎత్తగానే తెలిసింది. ఎత్తి బరువుగా ఉన్నట్టే నడిచాను.

లాండ్రీ లోపల ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. అత్త గల్లా దగ్గర కూర్చుని పలకరించింది. ఇస్త్రీ పిల్ల బల్ల దగ్గర ఉంది, మమ్మల్ని చూసి పెట్టె నిలబెట్టింది.

"దుప్పట్లు తెచ్చాను," అంది టీచరు.

పిల్ల మూట విప్పి చూసింది. "ఇవి ఉతికి మడతపెట్టినవేగా మేడమ్. వీటికి ఇస్త్రీ ఏంటి?"

"ఉంటే బాగుంటుందని."

పిల్ల తల వంచుకుని ఒక మడత విప్పుతూ అడిగింది. "మీరు ఊరెళ్ళిపోతున్నారా మేడమ్?"

"నేనెక్కడికి వెళ్తాను?"

"ఈ టర్ము అయ్యాక బడి లేదుగా ఇంక."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ సారు ముందు అలా వచ్చేశాను కదా. నా వల్లే పోయిందనుకున్నా."

టీచరు బల్ల అంచు పట్టుకుంది. "లాయరు ఇటువైపే కదా ఉండేది. రోజూ ఈ ముందునుంచే వస్తాడుగా. చెప్పలేదూ?"

"తల తిప్పుకుని పోతాడు. కోపం అనుకున్నా."

మర్నాడు లాయరుని అడిగితే వాడు తెల్లబోయాడు. "రానివాళ్ళని పలకరిస్తే ఎందుకు రాలేదని అడిగినట్టు ఉంటుందని, అటు చూడకుండా పోయేవాణ్ణి మేడమ్," అన్నాడు. బడంతా అదే చేసింది. ఆ పిల్ల మీదున్న మర్యాద కొద్దీ ఒక్కళ్ళు కూడా ఆ కొట్టు వైపు చూడలేదు. ఇంకే బడి పిల్లలైనా దారిలో కనిపించగానే అరిచి చెప్పేవాళ్ళు.

లాండ్రీలో ఆ రోజు టీచరు అడిగింది ఒక్కటే. అదీ పిల్లని కాదు, అత్తని. "ఈ పిల్లకి తీరిక ఎప్పుడుంటుందమ్మా?"

అత్త గయ్యాళిది కాదు, అలసిపోయిన మనిషి. "ఇప్పుడెక్కడ తీరిక? మానేసిందనుకుని రోజంతా పని ఒప్పేసుకున్నాను. కస్టమర్లకి మాటిచ్చేశా. బళ్ళకి సెలవులిచ్చాక ఊళ్ళోకొచ్చేవాళ్ళుండరు, హోటళ్ళ పని తగ్గుద్ది, మధ్యాహ్నాలు వదుల్తాను. కానీ అప్పుడు మీ బడి ఉండదుగా."

"ఉంటుంది," అంది టీచరు.

పిల్ల తలెత్తలేదు. దుప్పటి అంచులు కలిపి, ముడత లేని గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నడిపించింది. "సెలవుల్లో ఎవరూ రారు కదా మేడమ్. నేనొక్కదాన్నేగా," అంది.

"నేనుంటానుగా. ఇద్దరం."

సెలవులు వచ్చాయి. పొడవాటి గదిలో మిగతా బల్లలన్నీ గోడకి చేర్చేశారు. మధ్యాహ్నం ఎండలో టైర్ల కొట్టువాడు షట్టరు సగం దించి నిద్రపోయే వేళకి మెట్ల మీద అడుగులు వినపడేవి. కొన్ని రోజులు వినపడేవి కావు. వినపడని రోజున కూడా పాఠం రాసిన బోర్డు సాయంత్రం దాకా అలాగే ఉండేది, టీచరు దాని ఎదురుగా ఒక్కతే కూర్చుని ఉండేది. ఊరు మారాలని నా సంచి సర్దుకుని కూడా నేను ఎందుకో కదల్లేదు.

ఒక ఆదివారం ఫోన్ మోగింది. మధ్య గోడ ఉన్నా లేనట్టే.

"గది కడిగించాను. కొత్త పరుపు వేయించాను. ఎప్పుడొస్తున్నావు?"

"ఈసారికి కుదరదక్కా."

"సెలవులేగా. బళ్ళో ఎవరుంటారు?"

"ఒక పిల్ల ఉంది."

అక్కగారు ఎప్పుడూ లేనంత తగ్గిన గొంతుతో ఏదో అన్నది, 'ఒక్కదాన్నే' అన్న మాట తప్ప నాకు వినపడలేదు. టీచరు అన్నది మాత్రం వినపడింది.

"అలాగైతే నువ్వే రా అక్కా. వచ్చి ఏం చెయ్యక్కర్లేదు. ఇక్కడ ఊరికే కూర్చోవచ్చు."